సాయం సర్కారుది.. బాకీ ఎవరిది?

డ్రిప్పు పైపు మీద రాయితీ ఉంది. ఆ పైపులో పారే నీళ్లను పాడుచేసినవారికి బిల్లు పంపే పద్ధతే సరిగా లేదు. కడప, కర్నూలు మెట్ట పల్లెల్లో సర్కారు సాయం ఎక్కడ ఆగుతోంది, కాలుష్యపు బాకీ ఎవరి నెత్తిన పడుతోంది?

పులివెందుల వైపు అరటి వేసే రైతు లెక్కల పుస్తకం తిరగేస్తే ప్రభుత్వం పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. బోరు మోటారు తిరిగేది ఉచిత కరెంటుతో. 2004 మే 14న ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి పెట్టిన తొలి సంతకం దానిమీదే. పొలంలో పరిచిన లేటరల్ పైపులు 2003లో మొదలైన సూక్ష్మసేద్య పథకం కింద వచ్చినవి. సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం దాకా రాయితీ. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతోందంటే మిగతా ఖర్చు కేంద్రం భరిస్తోంది కాబట్టే. వీటికి తోడు అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి ఏడాదికి 20 వేల రూపాయలు.

ఇదంతా దుబారా అనేవాళ్లు సీమలో ఒక్క వేసవి గడిపి చూడాలి. కడప జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. బోరు వేయి అడుగులకు పోయినా తడి తగలని ఊళ్లున్నాయి. ఇలాంటి చోట సర్కారు చెయ్యి లేకుండా తోట నిలబడదు.

అయితే ఆ లెక్కల పుస్తకంలో ఒక పద్దు ఖాళీగా ఉంది. బోరు నీళ్లు పాడై తోట మాడిపోతే, పాడుచేసినవారు ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి అన్న పద్దు. వేముల మండలం రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నది దాని గురించే.

కొట్టాల పక్కన చెరువు

వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యూసీఐఎల్) గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. ఇది జార్ఖండ్‌లోని జాదుగూడ కేంద్రంగా నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2007 నవంబరు 20న శంకుస్థాపన జరిగింది. 2012లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 3,000 టన్నుల ఖనిజాన్ని శుద్ధి చేసేలా కర్మాగారం కట్టారు. ఇక్కడి ఖనిజంలో సరుకు తక్కువ. టన్ను రాయిని పిండి చేసినా అర కిలో యురేనియం రాదు. పైకి తెచ్చిన రాయంతా దాదాపుగా వ్యర్థమే. రసాయనాలు కలిసిన ఆ బురద పైపుల్లో కె.కె. కొట్టాల దగ్గరి టెయిల్‌పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు చేరుతుంది.

జాదుగూడలో యురేనియాన్ని ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లెలో ఆ పద్ధతి కుదరదు. ఇక్కడ యురేనియం డోలమైటు సున్నపురాతి పొరల్లో ఉంది. ఆమ్లం పోస్తే సున్నపురాయే దాన్ని ముందు తినేస్తుంది. అందుకని సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటు వాడి క్షార పద్ధతిలో తీస్తారు. ఈ సోడియం సంగతి గుర్తుపెట్టుకోవాలి. తగువు తేల్చడానికి అదే పనికొస్తుంది.

తమ బోర్ల నీళ్లు ఉప్పగా మారాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని టెయిల్‌పాండ్ చుట్టుపక్కల కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె రైతులు ఫిర్యాదు చేశారు. చెరువు అడుగున వేయాల్సిన బెంటొనైటు బంకమట్టి, పాలిథిన్ పొరలను అనుమతి పత్రంలోని షరతుల ప్రకారం వేయలేదంటూ 2018 ఆగస్టులో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. హైదరాబాద్ ఐఐసీటీలో శాస్త్రవేత్తగా పనిచేసి విరమణ పొందిన డాక్టర్ కె. బాబూరావు వంటివారు ఈ విషయం మీద అధికారులకు లేఖలు రాశారు. కమిటీలు వచ్చాయి, సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లాయి. కాలుష్యం తమ చెరువు వల్ల కాదని యూసీఐఎల్ చెబుతూ వచ్చింది.

ఇలాంటి చోట సంస్థలకు చేతికందే వాదన ఒకటుంది. ఈ నేలలోనే యురేనియం ఉన్నప్పుడు బోర్లలో కనబడితే వింతేముందని. మాట కొట్టిపారేసేది కాదు. యురేనియం ఉన్న రాతిలోంచి వచ్చే నీళ్లలో అది సహజంగానూ ఉండొచ్చు. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. ఒక బోరులో అంతకు మించి ఉందని తేలినా దానితోనే దోషి ఎవరో తేలిపోదు. అందుకే ప్రశ్న మార్చి అడగాలి. బోరులో సోడియం ఏ సంవత్సరం నుంచి పెరిగింది? చెరువుకు దగ్గరయ్యేకొద్దీ ఎక్కువగా ఉందా? భూగర్భ జలం వాలు ఎటుంది? గని రాకముందు అదే బోరు నీళ్లు ఎలా ఉండేవి? చివరి ప్రశ్నకు జవాబిచ్చే కాగితం రైతు చేతిలో ఉండాలి. ఆ కాగితం వేముల రైతు చేతిలో లేదు.

డ్రిప్పరు దగ్గర కూచుని చూస్తే

గంటకు నాలుగు లీటర్లు కార్చే డ్రిప్పరులో నీళ్లు పోయే దారి మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. కార్బొనేట్లు ఎక్కువున్న నీళ్లు నాలుగు నెలలు పారితే ఆ దారిలో తెల్లటి పెచ్చు కడుతుంది. మొదట వరసలో చివరి మొక్కలకు తడి తగ్గుతుంది. తరవాత అక్కడొకటి ఇక్కడొకటి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. రైతు ఆమ్లం కలిపిన నీళ్లు పైపుల్లోకి వదిలి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే కొసలు విప్పి కడుగుతాడు. నీళ్లు మారకపోతే ఆ పని మళ్లీ మళ్లీ చేయాల్సిందే.

మొక్క పరిస్థితి ఇంకా కష్టం. అరటి ఉప్పును ఓర్చుకునే పంట కాదు. ఆకు అంచు మాడుతుంది, మాడు లోపలికి పాకుతుంది. గెల వేసినా కాయ ఊరదు. ఊరని గెలను వ్యాపారి కాటా దగ్గరికి రానివ్వడు. వీటన్నిటికన్నా మొండిది నేలకు జరిగే చెరుపు. సోడియం ఎక్కువైన నీళ్లు బంకమట్టి రేణువులను విడదీస్తాయి. పైన గట్టి పొర కట్టి తడి లోపలికి దిగదు. నేల చౌడు బారుతుంది. చౌడు విరగాలంటే జిప్సం వేసి మంచి నీళ్లతో కడగాలి. ఉన్న ఒక్క బోరే పాడైన రైతుకు ఆ మంచి నీళ్లు ఎక్కడివి?

సర్కారు 90 శాతం భరించి వేసిన డ్రిప్పు ఇక్కడ ఉప్పును మొక్క మొదట్లోకే చేరవేసే గొట్టమైపోతుంది. ఖజానా సొమ్మూ పోయింది, రైతు పెట్టుబడీ పోయింది. నీళ్లు పాడు చేసినవారి ఖాతాలో మాత్రం ఖర్చు పడలేదు.

ఏ సంచిలోంచి ఎంత?

బోరు పాడైన రైతు ఆశగా చూసేందుకు నాలుగు సంచులున్నాయి.

మొదటిది నగదు సాయం. ఏటా అందే ఆ 20 వేలు నీళ్లు బాగున్న రైతుకూ అంతే, పాడైన రైతుకూ అంతే. నష్టానికీ ఆ అంకెకూ పొంతన లేదు. అది అందుకు పెట్టిన పథకమూ కాదు.

రెండోది పంటల బీమా. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కరవుకు, వరదకు, తెగుళ్లకు వర్తిస్తుంది. దాని మార్గదర్శకాల్లో మినహాయింపుల పేరా చదివితే యుద్ధం, అణు ప్రమాదాలు, దురుద్దేశంతో చేసిన నష్టం, నివారించగలిగిన నష్టాలకు బీమా చెల్లదని ఉంటుంది. చెరువు అడుగున పొర వేస్తే ఆగిపోయే ఊట నివారించగలిగిన నష్టమే కదా. బీమా కంపెనీ తలుపు అక్కడే మూసుకుంటుంది.

మూడోది జిల్లా ఖనిజ ఫౌండేషన్. 2015లో గనుల చట్టాన్ని సవరించి తెచ్చారు. గని నడిపేవారు రాయల్టీతో పాటు అందులో 10 శాతమో 30 శాతమో ఈ నిధికి జమ చేయాలి. ఆ డబ్బు గని ప్రభావిత ఊళ్ల తాగునీటికి, వైద్యానికి, బడులకు ఖర్చవుతుంది. తవ్వేవాడి నుంచి తీసుకుంటున్నారు కాబట్టి న్యాయానికి కొంత దగ్గరగా ఉన్న సంచి ఇదే. కానీ దీంతో ఊరికి ట్యాంకు వస్తుంది. ఎండిపోయిన తోటకు పరిహారం రాదు.

నాలుగోది జరిమానా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పర్యావరణ పరిహారానికి ఒక సూత్రం రాసిపెట్టింది. కాలుష్య సూచిక, రోజులు, పరిశ్రమ పరిమాణం, దగ్గరి పట్టణ జనాభా గుణించి లెక్క కడతారు. 10 లక్షల లోపు జనాభా ఉన్నచోట కాలుష్యం ఎక్కువగా చేసే ఎర్ర కేటగిరీలోని పెద్ద పరిశ్రమకు మండలి సూచించిన సగటు అంకెలు వేసి చూస్తే రోజుకు 30 వేల రూపాయలు తేలుతుంది. వెయ్యి కోట్లకు పైగా పెట్టి కట్టిన కర్మాగారానికి రోజుకు 30 వేలు ఒక లెక్కా? పోనీ అదైనా రైతుకు చేరుతుందా అంటే, అది మండలి ఖాతాకే పోతుంది.

చట్టం ఎప్పుడో చెప్పింది

పాడుచేసినవారే కట్టాలన్న సూత్రాన్ని పారిశ్రామిక దేశాల కూటమి ఓఈసీడీ 1972లోనే రాసుకుంది. మన సుప్రీంకోర్టు 1996లో రెండుసార్లు స్థిరపరిచింది. ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని బిచ్చిడి గ్రామం కేసు. ఆగస్టులో తమిళనాడు తోళ్ల పరిశ్రమల మీద వెల్లూరు పౌరుల సంఘం కేసు. వెల్లూరు తీర్పులో సీమ రైతుకు ఎక్కువ పనికొచ్చే మాట ఉంది. తన పని వల్ల పర్యావరణానికి హాని లేదని రుజువు చేసే భారం పరిశ్రమ మీదే ఉంటుందని.

ఆ మాటను 1999 జనవరిలో మరింత వివరంగా చెప్పింది తెలుగు నేల నుంచి వెళ్లిన కేసే. హైదరాబాద్ జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల దగ్గర నూనె పరిశ్రమ పెట్టబోతే తగాదా సుప్రీంకోర్టుకు చేరింది. తీర్పు చెప్పిన ధర్మాసనంలో జస్టిస్ ఎం. జగన్నాథరావు ఉన్నారు. హాని ఉందో లేదో శాస్త్రం తేల్చలేకపోతున్నప్పుడు అనుమానపు లాభం నీళ్లకే దక్కాలన్నది ఆ తీర్పు సారం.

వేములలో జరుగుతున్నది దానికి తలకిందులు. తన బోరు ఎవరి వల్ల పాడైందో రైతే నిరూపించుకోవాలి. దానికి ల్యాబు ఖర్చు, వకీలు ఖర్చు, చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచి దాకా బస్సు ఖర్చు, అన్నీ అతనివే.

తీర్పు రావడం వేరు, డబ్బు రావడం వేరు అన్నదీ మరవకూడదు. బిచ్చిడిలో నేలను, బావులను బాగుచేసేందుకు 37 కోట్ల 38 లక్షల రూపాయలు కావాలని లెక్క తేలింది. కంపెనీలు పిటిషన్ మీద పిటిషన్ వేసి దాన్ని సాగదీశాయి. 2011 జూలైలో సుప్రీంకోర్టు విసిగి చక్రవడ్డీతో కట్టమంది.

పటాన్‌చెరు నేర్పిన పాఠం

రైతుకు ముందుగా డబ్బు ఇప్పించిన దారి ఒకటి మన దగ్గరే ఉంది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరా వైపు పారేవి. వాగు పొడవునా పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. స్థానికంగా డాక్టర్ కిషన్‌రావు వంటివారు దశాబ్దాలు పోరాడారు. కోర్టు జిల్లా జడ్జి చేత ఊరూరా నష్టం లెక్క కట్టించింది. ముందు ప్రభుత్వం రైతులకు చెల్లించాలి, తరవాత పరిశ్రమల నుంచి వసూలు చేసుకోవాలి అన్న పద్ధతి పెట్టింది. ఎకరాకు ఇచ్చింది చాలా తక్కువ. కేసు హైకోర్టుకు, ఆ తరవాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగింది. అయినా ఆ వరస సరైనది. తగువు తేలేదాకా రైతు ఆకలితో ఎదురుచూడనక్కర్లేదు. వసూలు చేసే తలనొప్పి చేయగలిగినవాడికే పోయింది.

అదే పటాన్‌చెరు ఇంకో పాఠమూ నేర్పింది. వ్యర్థాలను కలిపి శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంట్లకు 1991 నాటి కేంద్ర పథకం ప్రకారం ఖర్చులో 25 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం గ్రాంటుగా ఇవ్వొచ్చన్నారు. ఇంకో 30 శాతం అప్పు. కాలుష్యం చేసేవారు సొంతంగా పెట్టాల్సింది 20 శాతమే. 2012లో కేంద్రం తన వాటాను 50 శాతానికి పెంచింది, యజమానుల వాటా 25 శాతం దగ్గర ఆగింది. రైతు రాయితీని బడ్జెట్టుకు బరువని రాసేవాళ్లు పరిశ్రమల వ్యర్థాల మీద ఇచ్చిన ఈ రాయితీ గురించి ఎన్నిసార్లు రాశారు?

పాడుచేసేది ప్రభుత్వమే అయితే?

కడప, కర్నూలు ముడి ఇక్కడ పడుతుంది. తుమ్మలపల్లెలో ఉన్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ. తీసిన యురేనియం దేశపు అణు విద్యుత్తుకు పోతుంది. లాభం దేశానిది, ఊట మాత్రం కొట్టాలది. కరెంటు వాడుకునే మనందరి తరఫునా నడిచే సంస్థ కాబట్టే ప్రైవేటు ఫ్యాక్టరీ కన్నా ముందుగా, ఎక్కువగా కట్టాల్సిన బాధ్యత దానికుంది. దేశ ప్రయోజనం పేరు చెప్పి పరిహారం ఎగ్గొడితే దేశం ఖర్చును నాలుగు ఊళ్ల మీద వేసినట్టే.

పట్టణాల సంగతీ ఇంతే. 2018లో కేంద్ర కాలుష్య మండలి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు నదీ భాగాలను కలుషితమైనవిగా గుర్తించింది. వాటిలో రెండు ఉమ్మడి కర్నూలు జిల్లావే. ఒకటి మంత్రాలయం నుంచి బావాపురం దాకా తుంగభద్ర, రెండోది నంద్యాల నుంచి మద్దూరు దాకా కుందూ. కుందూ అక్కడితో ఆగదు. కడప జిల్లాలోకి దిగి పెన్నలో కలుస్తుంది. మురుగును శుద్ధి చేయకుండా వదిలే పురపాలక సంఘాలకు గ్రీన్ ట్రిబ్యునల్ నెలకు లక్షల్లో పరిహారం విధిస్తానంది. పురపాలక సంఘం ఆ డబ్బు తెచ్చేది పన్ను కట్టినవాడి దగ్గర్నుంచే. మురుగునీటి ప్లాంటు కట్టే గడువుకు, దాన్ని నడిపే అధికారి జవాబుదారీకి ముడిపెట్టకుండా వేసే జరిమానా ఒక ప్రభుత్వ జేబులోంచి ఇంకో ప్రభుత్వ జేబులోకి పోతుంది. నది అలాగే ఉంటుంది.

రైతు నెత్తిన ఏ తప్పూ లేదని అనలేం. యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. మొక్క తీసుకోగా మిగిలింది నైట్రేటుగా మారి భూమిలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. పసిపిల్లలకు అది చాలా చెరుపు. అయితే యూరియాను మరీ చవక చేసి, భాస్వరం, పొటాష్ ధరలు పెరగనిచ్చింది విధానమే. రెండెకరాల రైతుకు బిల్లు పంపితే ఏమీ రాలదు. ఫ్రాన్స్‌లో వోజ్ కొండల దగ్గర విట్టెల్ మంచినీళ్ల కంపెనీ ఇదే చిక్కును వేరేగా విప్పుకుంది. ఊటల్లో నైట్రేటు పెరుగుతోందని తెలిసి, ఎగువ రైతులు మొక్కజొన్న, ఎరువులు మానేలా దీర్ఘకాల ఒప్పందాలు రాసుకుని డబ్బిచ్చింది. చిన్న రైతు అలవాటు మారాలంటే గ్రాంటు సరైన మందు. పెద్ద పరిశ్రమ చెరువు ఊటకు బిల్లు సరైన మందు. మన దగ్గర మందులు తారుమారయ్యాయి.

కప్పట్రాళ్ల చెప్పిన తీర్పు

ఈ లెక్క తేలకపోతే ఏమవుతుందో 2024 నవంబరులో కర్నూలు జిల్లా చూసింది. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అటవీ ప్రాంతంలో యురేనియం నిల్వల అన్వేషణకు 68 బోర్లు వేస్తారన్న కబురు పాకింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. అన్వేషణే గానీ తవ్వకం కాదని అధికారులు చెప్పినా జనం వినలేదు. చివరికి ఆ పని ఆపుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. అంతకుముందు 2019లో నల్లమలలో తవ్వకం వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానమే చేసింది.

జనానికి అభివృద్ధి పట్టదని విసుక్కోవడం తేలిక. వేముల కొట్టాల్లో పరిహారం ఠంచనుగా అంది ఉంటే, బోర్ల నీటి లెక్క ప్రతి నెలా గ్రామ సచివాలయం గోడ మీద అంటించి ఉంటే, కప్పట్రాళ్లలో అధికారుల మాట ఇంకో రకంగా వినిపించేది. ఒక ఊరికి ఎగ్గొట్టిన బాకీ ఇంకో ఊళ్లో అపనమ్మకమై వసూలవుతోంది.

చేయగలిగినవి

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు కాలుష్య నియంత్రణ మండళ్లకు నేరుగా పరిహారం విధించే అధికారం ఉందని, నష్టం జరిగే ప్రమాదం ఉందనిపిస్తే ముందుగానే పూచీ సొమ్ము కట్టించుకోవచ్చని తేల్చిచెప్పింది. ఆ అధికారాన్ని రాష్ట్ర మండలి వేములలో వాడి చూపించాలి. గని గానీ, ఫ్యాక్టరీ గానీ మొదలయ్యే ముందు ఐదు కిలోమీటర్ల లోపు ప్రతి బోరు నీళ్లనూ బయటి ల్యాబులో పరీక్ష చేయించి నకలు రైతుకు ఇవ్వాలి. లెక్క మారిన రోజున మార్పుకు కారణం తాము కాదని పరిశ్రమే రుజువు చేసుకోవాలి. పటాన్‌చెరు పద్ధతిలో ముందు చెల్లింపు, తరవాత వసూలు జరగాలి. పర్యావరణ పరిహారంలో సింహభాగం నష్టపోయిన ఎకరానికే చేరాలి.

రైతులకూ ఒక మాట. గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద పరిహారం అడిగేందుకు నష్టం మొదలైన రోజు నుంచి ఐదేళ్లే గడువు. ఫీజు అడిగిన మొత్తంలో ఒక శాతం, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. బోరు నీళ్ల పరీక్ష కాగితాలు, తోట పెట్టుబడి రసీదులు, తేదీతో తీసిన ఫొటోలు భద్రంగా దాచుకోండి. ఊరంతా కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, బలం పెరుగుతుంది.

రైతుకు సాయం ఉండాలి, పెరగాలి కూడా. ఎవరో పాడుచేసిన నీళ్ల నష్టాన్ని ఆ సాయంతో సరిపెట్టాలనుకోవడమే అన్యాయం. పెట్టుబడి సాయం జమైన రోజున ఫ్లెక్సీలు కట్టే ప్రభుత్వాలు, కాలుష్యపు బిల్లు వసూలైన రోజున కూడా ఒక ఫ్లెక్సీ కట్టాలి. వేముల రైతు ఎదురుచూస్తున్నది ఆ రెండో దానికోసం.